గుండె విద్యుత్తుకు ఏ మోడల్? రెండు చలరాశులా, నలభై ఒకటా?

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. "సార్, గుండె సిమ్యులేషన్ చేద్దామనుకుంటున్నాం. ఓ'హారా–రూడీ మోడల్ తీసుకున్నాం. దాంట్లో 41 చలరాశులున్నాయట, అదే కదా అన్నిటికన్నా మంచిది?" దేనికోసం తీసుకున్నారయ్యా అంటే అవతల నిశ్శబ్దం. మిగతా సగం మంది దీనికి పూర్తిగా తిరగబడ్డ బాపతు. ఎక్కడో పది లైన్ల ఫిట్జ్‌హ్యూ–నగుమో కోడ్ దొరికింది, రన్ అయింది, తెర మీద ఏదో అల కదిలింది, ఇక గుండె వచ్చేసినట్టే.

మోడల్ అంటే గుండె కణం వోల్టేజీ ఎలా మారుతుందో చెప్పే సమీకరణాల గుంపు, చలరాశులంటే అందులో క్షణక్షణం మారే రాశులు. వీళ్ళిద్దరూ చలరాశులనే లెక్కపెడుతున్నారు. ఒకరికి ఎక్కువుంటే గొప్ప, ఇంకొకరికి తక్కువుంటే సుఖం. నేను మోడల్ ఎంచేటప్పుడు ముందు చూసేది వేరు: ఒకసారి కొట్టుకున్న కణం ఆ మోడల్‌లో ఎలా కోలుకుంటుంది? అది నిజం గుండెకు దగ్గరగా ఉంటే రెండు చలరాశులతో కూడా చాలా పని జరుగుతుంది. అది తప్పితే ఇరవై ఉన్నా దండగే.

కోలుకోవడం అంటే

జఠరిక కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని పొర మీద వోల్టేజీ సుమారు మైనస్ 85 మిల్లీవోల్టులు. పక్క కణం నుంచి కరెంటు వస్తే సోడియం ద్వారాలు తెరుచుకుని ఒకటి రెండు మిల్లీసెకన్లలో సున్నా దాటి పైకి పోతుంది. అక్కడ కాసేపు నిలబడి, 250 నుంచి 300 మిల్లీసెకన్ల తర్వాత మళ్ళీ కిందికి దిగుతుంది. దీన్నే యాక్షన్ పొటెన్షియల్ అంటారు. దిగాక మళ్ళీ కొట్టుకునే లోపు దొరికేది విరామం.

ఆ విరామం తగ్గితే తర్వాతి యాక్షన్ పొటెన్షియల్ కూడా పొట్టిదవుతుంది. రాత్రి నిద్ర చాలని కూలీ మర్నాడు మధ్యాహ్నానికే కూలబడినట్టు. ఎంత విరామానికి ఎంత నిడివి అని గీసే గీతను రెస్టిట్యూషన్ కర్వ్ అంటారు. 1968లో నోలాస్కో, డాలెన్ దీని గురించి ఒక చక్కటి విషయం తేల్చారు. ఈ గీత వాలు 1 దాటిన చోట గుండె ఒక దెబ్బ పొడుగు, ఒక దెబ్బ పొట్టిగా కొట్టుకోవడం మొదలవుతుంది. దాని పేరు ఆల్టర్నన్స్. కణజాలంలో సుడి అలలు, అంటే ఒకే చోట గిరగిరా తిరిగే విద్యుత్ అలలు, ముక్కలుముక్కలై ఫిబ్రిలేషన్‌గా (గుండె లయ తప్పి వణకడంగా) మారే దారుల్లో ఇదొకటి. అందుకే సరళమైన మోడళ్ళను పోల్చేటప్పుడు యాక్షన్ పొటెన్షియల్ బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది నాకు తర్వాతి సంగతి. ముందు ఈ గీత చూపించమంటాను.

ఫిట్జ్‌హ్యూ–నగుమో: పాఠానికి సరే, గుండెకు కాదు

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద నాలుగు చలరాశుల సమీకరణాలు రాశారు. 1961లో ఫిట్జ్‌హ్యూ వాటిని రెండుకు కుదించాడు. మరుసటి ఏడాది జపాన్‌లో నగుమో బృందం టన్నెల్ డయోడ్లతో అదే పనిచేసే సర్క్యూట్ కట్టింది. అంటే ఇది పుట్టుకతో నరం మోడల్, గుండెకు అరువు తెచ్చుకున్నాం.

ఆ అరువు సంగతి ఎక్కడ బయటపడుతుందంటే, యాక్షన్ పొటెన్షియల్ ముగిశాక వోల్టేజీ విశ్రాంతి గీత కంటే కిందికి మునిగి మెల్లగా పైకి వస్తుంది. జఠరిక కణం అలా మునగదు. రోజర్స్, మెకల్లక్ 1994లో సమీకరణాన్ని కొంచెం సవరించి ఆ మునకను తీసేశారు. ఇదే వాడాలని పట్టుంటే కనీసం ఆ సవరణతో వాడండి. ఫేజ్ ప్లేన్ (రెండు చలరాశులను రెండు అక్షాల మీద పెట్టి చూసే బొమ్మ) పాఠం చెప్పడానికి మాత్రం దీన్ని మించింది లేదు. రెండు గీతలు గీసి, బిందువు ఎటు పరుగెడుతుందో బోర్డు మీద చూపించొచ్చు. సుడి అల అనేది పుడుతుందా అన్న ప్రశ్నకూ జవాబిస్తుంది. ఎంత వేగంగా తిరుగుతుంది, ఎప్పుడు విరుగుతుంది అని అడిగితే మాత్రం అది చెప్పేది నమ్మకండి.

అలియెవ్–పాన్‌ఫిలోవ్: యూనిట్లు జాగ్రత్త

1996లో వచ్చింది. చలరాశులు రెండే, కానీ కుక్క గుండె కణజాలపు రెస్టిట్యూషన్‌కు సరిపోయేలా కూర్చారు. వోల్టేజీ ఎగిసే అంచు మరీ నిటారుగా ఉండదు కాబట్టి కొంచెం ముతక గ్రిడ్ (కణజాలాన్ని విడగొట్టే గళ్ళు) మీద కూడా నడిచిపోతుంది. మామూలు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకు అది పెద్ద వరం. పూర్తి గుండె ఆకారం తీసుకుని కండరం సంకోచించడం కూడా కలిపి చూసేవాళ్ళు దీన్ని ఇష్టంగా వాడతారు.

చిక్కల్లా యూనిట్లతోనే. దీంట్లో వోల్టేజీ 0 నుంచి 1 దాకా నడుస్తుంది. దాన్ని 100తో గుణించి 80 తీసేస్తే మిల్లీవోల్టులు. కాలాన్ని 12.9తో గుణిస్తే మిల్లీసెకన్లు. ఒకసారి నేను దిద్దిన రిపోర్టులో "యాక్షన్ పొటెన్షియల్ నిడివి 26 మిల్లీసెకన్లు" అని ఉంది. గ్రాఫులన్నీ శుభ్రంగా ఉన్నాయి. 26ను 12.9తో గుణిస్తే 335, అంటే కుర్రాడి కోడ్ పూర్తిగా కరెక్టు. వైవాలో మాత్రం ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కార్డియాలజీ తెలిసినాయన. "ఏ జంతువు గుండె బాబూ ఇది?" అన్నాడు.

మిచెల్–షేఫర్: కాగితం మీదే సగం పని

పక్షపాతం ముందే ఒప్పేసుకుంటాను. రెండు చలరాశుల మోడళ్ళలో నాకు ఇదే ఇష్టం. 2003లో వచ్చింది. ఒక లోపలి కరెంటు, ఒక బయటి కరెంటు, ఒక ద్వారం. పరామితులు, అంటే మనం ముందే పెట్టే స్థిర అంకెలు, ఐదు, ప్రతిదానికీ అర్థం ఉంది. టౌ-ఇన్ 0.3 మిల్లీసెకన్లు, వోల్టేజీ ఎగిసే వేగం దీని చేతిలో ఉంటుంది. టౌ-అవుట్ 6, దిగే వేగం. టౌ-క్లోజ్ 150, ద్వారం మూసుకునే కాలం. టౌ-ఓపెన్ 120, అది మళ్ళీ తెరుచుకునే కాలం. ఐదోది ద్వారం మారే వోల్టేజీ, 0.13.

దీని గొప్పతనం ఏమిటంటే కంప్యూటర్ ముట్టుకోకముందే జవాబు ఎంత రావాలో తెలిసిపోతుంది. టౌ-ఇన్‌ను నాలుగుతో గుణించి టౌ-అవుట్‌తో భాగించండి: 0.2. ద్వారం ఆ స్థాయికి మూసుకునేసరికి యాక్షన్ పొటెన్షియల్ ముగుస్తుంది. పూర్తిగా విశ్రాంతి తీసుకున్న కణంలో ద్వారం 1 నుంచి 0.2కు దిగాలి, దానికి పట్టేది 150 ఇంటూ 5 యొక్క సహజ లాగరిథం. 5 లాగ్ 1.609, కాబట్టి 241 మిల్లీసెకన్లు. మనిషి గుండెలా 300 దగ్గర కావాలా? టౌ-క్లోజ్‌ను 185 చేస్తే 298 వస్తుంది. ఒక్క అంకె మార్చాం, అంతే.

విరామం తగ్గిస్తే ఏమవుతుందో కూడా ఇలాగే చేత్తో లెక్కేయొచ్చు. పై విలువలతోనే 300 మిల్లీసెకన్ల విరామమిస్తే నిడివి 231. వంద ఇస్తే 177. యాభై ఇస్తే 129కి పడిపోతుంది. వాలు సరిగ్గా 1 అయ్యేది విరామం 70 దగ్గర, అప్పుడు నిడివి 153. రెండూ కలిపితే సుమారు 224 మిల్లీసెకన్లు. అంటే 224 కంటే తక్కువ ఎడంతో, నిమిషానికి 268 సార్లకు మించి కొడితే ఆల్టర్నన్స్ మొదలవ్వాలి. మీ కోడ్‌లో నిమిషానికి 180కే మొదలైందా, 300కి కూడా నిలకడగా కనిపిస్తోందా? అయితే తప్పు గుండెలో లేదు, మీ కోడ్‌లో ఉంది. తన తప్పును తానే పట్టిచ్చే మోడల్ మొదటిసారి చేసేవాళ్ళకు ఇంకెక్కడ దొరుకుతుంది?

రోగి దగ్గర కొలిచిన డేటాకు మోడల్‌ను సరిపెట్టే పనిలోనూ దీనికి గిరాకీ ఉంది. ఫ్రాన్స్‌లో ఇన్రియా పరిశోధకులు దీన్ని అలాగే వాడారు. ఐదు అంకెలను డేటా నుంచి పట్టుకోవడం కుదిరే పని, నలభై అంకెలను పట్టుకోవడం కుదరదు.

లోపం లేదా అంటే ఉంది. కొన్ని పరామితుల దగ్గర ఎవరూ తట్టకుండానే కణం తనంతట తాను కొట్టుకోవడం మొదలుపెడుతుంది. 2016లో కొరాడో, నీడరర్ దీన్ని సవరించిన రూపం ఇచ్చారు. పరామితులను అటూ ఇటూ బాగా జరిపే పనుంటే ఆ రూపమే తీసుకోండి. ఇంకొకటి, యాక్షన్ పొటెన్షియల్ మొదట్లో వచ్చే చిన్న నొక్కు, ఆ తర్వాతి గుమ్మటం లాంటి వంపు ఇందులో కనిపించవు.

ఫెంటన్–కార్మా, బ్యూనో-ఒరోవియో

కర్మ కాదు, కార్మా. అలాన్ కార్మా అనే భౌతిక శాస్త్రవేత్త పేరు. ఫ్లావియో ఫెంటన్‌తో కలిసి 1998లో మూడు చలరాశుల మోడల్ ఇచ్చాడు. వేగంగా లోపలికి వచ్చేది, మెల్లగా లోపలికి వచ్చేది, మెల్లగా బయటికి పోయేది అని మూడు కరెంట్లు. పెద్ద మోడళ్ళ రెస్టిట్యూషన్ గీతలను ఇది చక్కగా అనుకరిస్తుంది. బీలర్–రాయిటర్‌కు ఒక పరామితుల సెట్టు, లూవో–రూడీకి ఇంకో సెట్టు. సుడి అల మధ్య బిందువు ఎలా తిరుగుతుంది, మందపాటి గోడలో కండర పోగులు మెలిపడితే ఆ సుడి ఎలా విరుగుతుంది అనే ప్రశ్నలకు ఇప్పటికీ పనికొస్తుంది. ఆకారం మాత్రం అచ్చు దిగదు.

ఆ కొరత తీర్చడానికి బ్యూనో-ఒరోవియో, చెర్రీ, ఫెంటన్ 2008లో ఇంకొక్క చలరాశి కలిపారు. మనిషి జఠరిక కోసం నాలుగు చలరాశులు, 28 పరామితులు. గోడ బయటి పొర, లోపలి పొర, మధ్య పొరలకు విడివిడిగా విలువలిచ్చారు. మనిషి జఠరిక, కణజాలం, సుడి అలలు అని మూడు మాటలూ మీ టైటిల్‌లో ఉంటే ఇక వెతకడం ఆపి దీన్ని తీసుకోండి. 28 అంకెలు టైపు చేసేటప్పుడు ఒక్కోదాన్నీ ఇంకొకరితో సరిచూయించుకోండి. మైనస్ గుర్తులు, ప్లస్ గుర్తులు పేర్ల పైన ఉంటాయి, పప్పులో కాలేయడం చాలా తేలిక.

ఇది జఠరిక మోడల్. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మీద పనిచేస్తూ ఇదే సెట్టు వాడేస్తే కుదరదు. కర్ణిక కణం వేరు, దాని యాక్షన్ పొటెన్షియల్ ఆకారమే వేరు. దానికి 1998 నాటి కూర్ట్‌మాంష్ మోడల్ ఉంది, 21 చలరాశులతో.

పెద్ద మోడళ్ళు ఎప్పుడు తప్పవు

మందుల ప్రశ్న వచ్చిన క్షణాన పైన చెప్పినవన్నీ పక్కన పెట్టాలి. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందు ఒక పొటాషియం ద్వారాన్ని అడ్డుకుని ప్రమాదకరమైన లయ తెప్పించేది, 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తప్పించారు. ఆ ద్వారం పేరే లేని మోడల్‌లో ఆ మందును ఎక్కడ వేస్తారు? "బయటి కరెంటును 30 శాతం తగ్గించాం, అదే మందు" అని రాసే పేపర్లు చూస్తుంటాను. బయటి కరెంటు అంటే నాలుగైదు రకాల ద్వారాల మొత్తం. అందులో ఏది తగ్గింది? హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకు నా సలహా ఒక్కటే, సరళమైన మోడళ్ళ జోలికే పోవద్దు.

మందుల భద్రతకు 2011 నాటి ఓ'హారా–రూడీ సరైన చోటు. జబ్బులేని మనుషుల గుండెలు వందకు పైగా తీసుకుని, వాటి డేటా మీద కట్టారు. కొత్త మందుల లయ ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2013లో మొదలైన సీపా ప్రయత్నంలో దీని సవరించిన రూపాన్నే తీసుకున్నారు. అయితే అది ఒంటరి కణానికి. అసలు మోడల్‌ను యథాతథంగా కణజాలంలో పెడితే సోడియం కరెంటు చాలక అల ఈడ్చుకుంటూ నడుస్తుంది. చాలామంది ఆ ఒక్క కరెంటును తీసేసి, మనిషి జఠరికకే రాసిన ఇంకో మోడల్ టెన్ టుషర్‌ది అతికించుకుంటారు. 2019లో తోమెక్ బృందం తెచ్చిన తోర్-ఓఆర్‌డీ రూపం వాడితే ఆ అతుకుల పని తప్పుతుంది. కణజాలమే ముఖ్యమై, కాల్షియం లెక్కలు కూడా కావాలంటే 2006 నాటి టెన్ టుషర్–పాన్‌ఫిలోవ్ చాలు, చలరాశులు 19.

ఖర్చు కూడా చూద్దాం. పది సెంటీమీటర్ల చదరపు ముక్కను పావు మిల్లీమీటర్ ఎడంతో గళ్ళు చేస్తే అడ్డం 400, నిలువు 400, మొత్తం 1,60,000 బిందువులు. కాలం అడుగు 0.05 మిల్లీసెకన్లు అనుకుంటే ఒక్క సెకను గుండెకు 20,000 అడుగులు. గుణిస్తే 320 కోట్ల సార్లు ఒక కణాన్ని లెక్కకట్టాలి. ఆ ప్రతి సారీ రెండు చలరాశులా, 41 చలరాశులా అన్నదే తేడా. పైగా పెద్ద మోడళ్ళలో ద్వారాల సమీకరణాలు మొండివి, వాటికి 1978 నాటి రష్–లార్సెన్ పద్ధతి వాడాలి, లేదా అడుగు ఇంకా చిన్నది చేసుకోవాలి. జీపీయూ ఉంటే కథ వేరు. కబూడియన్, చెర్రీ, ఫెంటన్ 2019లో ఇలాంటి మోడళ్ళను వెబ్ బ్రౌజర్‌లోనే, మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద అప్పటికప్పుడు నడిపి చూపించారు.

అసలు మోడలే అక్కర్లేనివాళ్ళు

అల ఏ చోటికి ఎప్పుడు చేరింది అన్నదొక్కటే కావాలంటే, ఉదాహరణకు పేస్‌మేకర్ తీగ ఎక్కడ పెడితే గుండె తొందరగా మేలుకుంటుందో చూడాలంటే, ఐకొనల్ పద్ధతి చాలు. వోల్టేజీ లెక్క లేకుండా చేరిన సమయం మాత్రమే ఇస్తుంది. నిమిషాల పని సెకన్లలో అయిపోతుంది.

గళ్ళ మోడల్ ఇంకా పాతది. 1946లో వీనర్, రోసెన్‌బ్లూత్ మెక్సికోలో దారి వేశారు, 1964లో మో బృందం కర్ణికల ఫిబ్రిలేషన్‌ను దీంతోనే చూపించింది. ప్రతి గడికీ విశ్రాంతి, ఉద్రేకం, కోలుకోవడం అనే స్థితులు, పక్క గడిని చూసి మారడం. ఇంటర్ పిల్లాడు కూడా ఒక సాయంత్రంలో రాసేయొచ్చు. మామూలు నియమాలతో రాస్తే గుండ్రంగా పరుచుకోవాల్సిన అల పలకలుగా పరుచుకుంటుంది. అది చూసి సరదాపడే పని వరకైతే పర్వాలేదు.

చాలామంది వచ్చేది అసలు ఈసీజీ సిగ్నల్ కోసం. ఆర్-శిఖరం (ఈసీజీలో నిటారుగా లేచే మొన) కనిపెట్టే అల్గారిథమ్ రాశారు, దాన్ని పరీక్షించడానికి బొమ్మ ఈసీజీ కావాలి. దానికి కణాలు, అలలు ఎందుకు? మెక్‌షారీ, క్లిఫర్డ్, తరసెంకో, స్మిత్ 2003లో ఇచ్చిన మూడు సమీకరణాల జనరేటర్ ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గుండె వేగం, శబ్దం, శిఖరాల ఎత్తు, అన్నీ మన చేతిలోనే. అందులో గుండె లేదు, ఈసీజీ ఆకారం మాత్రమే ఉంది. మీక్కావాల్సిందీ అదే.

ఏ మోడలైనా సరే, గ్రిడ్ చూసుకోండి

కోడ్ అంతా చేత్తో రాయక్కర్లేదు. పెద్ద మోడళ్ళ సమీకరణాలు ఆక్లాండ్ వాళ్ళ సెల్‌ఎంఎల్ భాండాగారంలో ఉన్నాయి. ఒంటరి కణానికి పైథాన్‌లో నడిచే మైయోకిట్, పూర్తి గుండెకు ఓపెన్‌కార్ప్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ చాస్ట్ ఉన్నాయి. మన దగ్గర్లోనే బెంగళూరు ఐఐఎస్‌సీలో రాహుల్ పండిట్, చెన్నై ఐఎంఎస్‌సీలో సీతాభ్ర సిన్హా ఈ సుడి అలల మీద పనిచేసినవాళ్ళే. వాళ్ళ పేపర్లలో గ్రిడ్ ఎంత, అడుగు ఎంత అని ఎంత స్పష్టంగా రాస్తారో చూసి నేర్చుకోవచ్చు.

గ్రిడ్ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మోడల్ ఎంపిక సరిగ్గా ఉండి కూడా అక్కడే మునిగినవాళ్ళను చూశాను. ఆరోగ్యమైన జఠరికలో పోగుల వెంట అల మిల్లీసెకన్‌కు 0.6 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఎగిసే అంచు రెండు మిల్లీసెకన్లు అనుకుంటే దాని వెడల్పు మిల్లీమీటర్‌కు కాస్త ఎక్కువ. ఆ అంచులో నాలుగైదు బిందువులైనా పడకపోతే అది అలే కాదు. అందుకే పావు మిల్లీమీటర్ అంటాను.

రెండేళ్ళ కిందట ఒకమ్మాయి ఎంతో సంబరంగా ఫోన్ చేసింది. బ్యూనో-ఒరోవియో మోడల్, 200 బిందువుల తీగ, మధ్యలో గుండెపోటు మచ్చలా డిఫ్యూజన్‌ను (వోల్టేజీ పక్క బిందువుకు పాకే జోరును) పదో వంతుకు తగ్గించింది. అల మచ్చ దాకా వచ్చి ఆగిపోయింది. "సార్, కండక్షన్ బ్లాక్ దొరికింది!" సెమినార్‌కు టైటిల్ కూడా పెట్టేసుకుంది. బిందువుల మధ్య ఎడం ఎంతమ్మా అన్నాను. ఒక మిల్లీమీటర్ అంది. పావు మిల్లీమీటర్ చేసి, అడుగు 0.05కు తగ్గించి మళ్ళీ నడిపి చూడమన్నాను. అరగంట తర్వాత మెసేజ్ వచ్చింది. మచ్చలో వేగం మూడో వంతుకు పడిపోయిందట గానీ, అల నిక్షేపంగా అవతలికి దాటిపోయిందట. కింద ఇంకో లైను: "టైటిల్ మార్చాలి సార్, ఏం పెట్టమంటారు?"